కీహోల్ స్పేలో అండాశయం దొరకడం లేదా? ముందు కుక్కని తిప్పండి

కెమెరా లోపలికి వెళ్లింది, స్క్రీన్ మీద పేగులు తప్ప ఇంకేమీ లేవు. ఆడకుక్కకి లాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా దించి, అండాశయాలు తీయడం (కీహోల్ స్పే) మొదలుపెట్టిన కొత్తలో అందరికీ టెన్షన్ పెట్టేది ఇదే. గ్రాస్పర్‌తో (పట్టుకునే పొడవాటి పనిముట్టు) పేగుల్ని నెట్టుకుంటూ వెతికేవాణ్ణి నేను కూడా. తప్పు చేతిలో లేదు, కుక్కని పడుకోబెట్టిన తీరులో ఉంది.

స్క్రీన్ నిండా పేగులే

కారణం: కుక్క ఇంకా వెల్లకిలానే ఉంది, లేదా తప్పు వైపుకి ఒరిగింది. ఎడమ అండాశయం కావాలంటే కుక్క కుడి పక్కకి ఒరగాలి, అంటే ఎడమ డొక్క పైకి రావాలి. కుడిదానికి ఇది తిరగేసి. 45 డిగ్రీల వరకు ఒంచండి, తల వైపు 10 నుంచి 15 డిగ్రీలు దించండి. ఒంచగానే వెతకొద్దు. కాస్త ఆగితే పేగులు వాటంతటవే కిందికి జారతాయి, ముందు మూత్రపిండం బయటపడుతుంది. దాని వెనక, తోక వైపు కొవ్వులో చూడండి. అప్పటికీ కనబడకపోతే ఎడమ వైపైతే పెద్దపేగుని, కుడి వైపైతే డుయోడినంని (చిన్నపేగు మొదటి భాగం) మెల్లగా మధ్యకి లాగండి. కుడి అండాశయం కాస్త ముందుకి, లోతుగా ఉంటుంది. ఛాతీ లోతున్న జాతుల్లో మరీను.

మీరు ఏ అండాశయం తీస్తున్నారో దానికి ఎదుటి పక్కన నిలబడాలి, స్క్రీన్ మీకు సూటిగా అవతల ఉండాలి. మెడ తిప్పి చూస్తూ చేస్తే చెయ్యి దారి తప్పుతుంది.

తిప్పబోతే కుక్క తిరగడం లేదు

కాళ్ల తాళ్లు చూడండి. నాలుగు కాళ్లూ బిగించి కట్టేస్తే ఒంచినప్పుడు ఒక కాలే మొత్తం బరువు మోస్తుంది. పాదం ఉబ్బి చల్లబడిందంటే తాడు బిగిసినట్టే. కాళ్లకి వదులు ఇచ్చి, ఛాతీని పక్కల నుంచి ఇసుక సంచులతోనో చుట్టిన తువ్వాళ్లతోనో నిలపండి. ఒంగే టేబుల్ లేనివాళ్లకి ఈ తువ్వాళ్లే దిక్కు. గొంతులో పెట్టిన శ్వాస ట్యూబ్ మెలితిరిగితే శ్వాసనాళం చిరగొచ్చు, కాబట్టి తిప్పే ముందు ట్యూబ్‌ని మత్తు మెషీన్ నుంచి విడదీసి, తిప్పాక మళ్లీ తగిలించండి.

అండాశయాన్ని పైకి కట్టే సూది బొచ్చులోంచి వస్తోంది

పొట్ట మధ్యలో మాత్రమే షేవ్ చేశారు. కుక్క ఒరిగాక ఆ సూది డొక్కలోంచి దిగుతుంది. రెండు పక్కలా డొక్క పైదాకా షేవ్ చేసి, డ్రేప్ (చుట్టూ కప్పే స్టెరైల్ గుడ్డ) కూడా అంత వెడల్పుగా వేయాల్సింది. ఆపరేషన్ మధ్యలో దీనికి మంచి పరిష్కారం లేదు.

తల దించాక ఆక్సిజన్ పడిపోతోంది

పొట్టలోని గ్యాస్, జారిన అవయవాలు కలిసి డయాఫ్రమ్‌ని నొక్కుతున్నాయి. వెంటనే టేబుల్ సమం చేయండి, గ్యాస్ పీడనం తగ్గించండి. కుక్కలకి 8 నుంచి 12 మిల్లీమీటర్ల పాదరసం (mmHg) పీడనం చాలు, పిల్లులకి ఇంకా తక్కువ. బ్యాగ్ నొక్కి శ్వాస ఇవ్వండి. అప్పటికీ కోలుకోకపోతే ట్యూబ్ లోపలికి జారి ఒక ఊపిరితిత్తిలోకే వెళ్లిందేమో చూడండి. రెండు వైపులా స్టెతస్కోప్ పెట్టి విని, తేడా ఉంటే ట్యూబ్‌ని కొద్దిగా బయటికి లాగండి.

మొదటి పోర్ట్‌తోనే రక్తం

పోర్ట్ (పరికరాలు దించే గొట్టం) పెట్టేటప్పుడు తగిలేది చాలావరకు ప్లీహం. ఏస్‌ప్రోమజిన్ అనే మగత మందు ఇచ్చినప్పుడు అది ఉబ్బి ఉంటుంది. సూది గుడ్డిగా గుచ్చకుండా చిన్న కోత పెట్టి కళ్లతో చూస్తూ పోర్ట్ దించండి. మూత్రాశయం కూడా ముందే ఖాళీ చేయించండి.