షుగరూ కిడ్నీ జబ్బూ ఉన్న ముసలి పిల్లికి ఎండకాలం జాగ్రత్తలు

ఉగాది దాటిందంటే నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు ఎండ ముదురుతుంది. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు కదా, అప్పటికి 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. పన్నెండేళ్ళు దాటిన పిల్లికి షుగరూ కిడ్నీ జబ్బూ రెండూ ఉంటే ఆ రెండు నెలలే గండం. అందుకే ఫాల్గుణంలోనే సిద్ధం కావాలి.

కిడ్నీలు పాడైతే మూత్రంలోంచి నీళ్ళను వెనక్కి తీసుకోలేవు. రక్తంలో చక్కెర ఎక్కువైతే అది మూత్రంలోకి దిగి, తనతో పాటు నీళ్ళనూ లాక్కుపోతుంది. రెండు దారుల్లో నీళ్ళు పోతున్న ఒంటికి ఎండ మూడోది. కానీ నన్ను ఇంతకన్నా భయపెట్టేది ఇంకొకటి ఉంది. ఎండకు పిల్లి తిండి తగ్గిస్తుంది. చలికాలంలో బాగా తిన్నప్పుడు డాక్టర్ పెట్టిన ఇన్సులిన్ డోసు మాత్రం అట్లాగే ఉంటుంది. పైగా ఇన్సులిన్‌ను ఒంట్లోంచి పంపించడంలో కిడ్నీలకూ వాటా ఉంది, అవి బలహీనమైతే మందు ఎక్కువసేపు పనిచేస్తుంది. తిండి తక్కువ, మందు ఎక్కువసేపు. షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. పెరిగిన షుగర్ రోజుల మీద చెరుపు చేస్తే, పడిపోయిన షుగర్ గంటల్లో ప్రాణం తీస్తుంది.

కాబట్టి ముందు తిండి, తర్వాతే సూది. పొద్దుగాల ఐదున్నరకు, సాయంత్రం ఐదున్నరకు పెట్టుకుంటే పన్నెండు గంటల ఎడం కుదురుతుంది, పొద్దటిపూట చల్లగా ఉంటుంది కాబట్టి నాలుగు ముద్దలు ఎక్కువ తింటుంది. సగమే తింటే ఏం చేయాలి, అసలు ముట్టకపోతే, కక్కితే ఏం చేయాలి అన్నది ఇప్పుడే డాక్టర్‌ను అడిగి కాగితం మీద రాయించుకోండి. సూది పడిందో లేదో అనుమానం వస్తే రెండోసారి వేయకండి. ఒక పూట డోసు తప్పితే వచ్చే ప్రమాదం కంటే రెండు డోసులు పడితే వచ్చే ప్రమాదం చాలా పెద్దది.

షుగర్ పడిపోయిన పిల్లి తూలుతుంది, పిలిస్తే పలకదు, వణుకుతుంది, చివరికి ఫిట్స్ వస్తాయి. మధ్యాహ్నం నీడన పడుకుంది, ఎండకు అలిసిందిలే అనుకుని వదిలేయడమే ఎండకాలంలో అసలు ప్రమాదం. లేపి చూడండి. తినగలిగితే వెంటనే తిండి పెట్టండి. తినలేకపోతే చక్కెర పాకమో తేనెనో వేలితో చిగుళ్ళకు రాయండి. నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్‌లో ఉంటే వేలు కరిచే ప్రమాదం ఉంది, చూసుకోండి. కొంచెం తేరుకున్నా సరే, దవాఖానకు తీసుకుపోవాల్సిందే.

ఇక ఇన్సులిన్ సంగతి. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రిజ్ తలుపులో కాకుండా మధ్య అరలో పెట్టండి, గడ్డకట్టే చోట అసలే వద్దు. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ పనికిరాదు. మధ్యాహ్నం కరెంటు పోతే ఫ్రిజ్ తెరవకుండా ఉంచండి. చాలాసేపు రాకపోతే సీసాను తడి తగలకుండా మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, నీళ్ళ రంజన్‌లో ఉంచండి. రేకుల ఇంట్లో గూట్లో పెట్టిన మందు మీద మాత్రం నమ్మకం పెట్టుకోలేం. గ్లార్జిన్ అనే రకం ఇన్సులిన్ లాంటి తేటగా ఉండాల్సిన మందు మసకబారినా, నలకలు కనిపించినా పారేయండి.

సిరంజి దగ్గర చాలా జాగ్రత్త. మన మెడికల్ షాపుల్లో ఎర్రమూతవి ఒక్కో మిల్లీలీటరులో 40 యూనిట్లుండే సీసాకు, ఆరెంజ్ మూతవి 100 యూనిట్లుండే సీసాకు. 100 యూనిట్ల మందును ఎర్రమూత సిరంజిలో 2 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 5 యూనిట్లు. చిన్న పిల్లికి అది చావుదెబ్బ. షాపులో ఎవరున్నా సరే, మూత రంగు, సీసా మీద అంకె మీరే చూసి తీసుకోండి.

నీళ్ళు ఒకే గిన్నెలో కాదు, ఇంట్లో నాలుగు చోట్ల పెట్టండి. వెడల్పు మట్టి పాత్రైతే చల్లగా ఉంటాయి. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత ఎక్కువో చెప్పనక్కర్లేదు. మీరు తాగే నీళ్ళే పిల్లికీ పోయండి. తిండిలోనూ నీళ్ళు కలపండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్ నీళ్ళు చాలా పిల్లులకు ఇష్టం. పాలన్నం, పెరుగన్నం షుగర్‌కు మంచివి కావు, ఎండు చేపలు ఉప్పు, ఫాస్ఫరస్ వల్ల కిడ్నీలకు మంచివి కావు. షుగర్‌కు మాంసకృత్తులు ఎక్కువుండాలి, కిడ్నీకి ఫాస్ఫరస్ తక్కువుండాలి, ఈ రెండింటి మధ్య ఏ ఆహారమో రక్తపరీక్ష చూసి డాక్టర్ నిర్ణయించాలి. చర్మం కింద సెలైన్ ఎక్కించమంటే ఎంత, ఎన్ని రోజులకో ఆయనే చెప్పాలి.

ఎండలు ముదరకముందే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పని చెప్పేది), పొటాషియం, ఫాస్ఫరస్, ఫ్రక్టోసమైన్ (గడిచిన రెండు మూడు వారాల షుగర్ చెప్పేది), మూత్ర పరీక్ష చేయించండి, వీలైతే బీపీ కూడా. కిడ్నీల పని ముప్పావు వంతు తగ్గేదాకా క్రియాటినిన్ మామూలుగానే కనిపించొచ్చు, కాబట్టి మామూలుగా ఉందంటే నిశ్చింతగా ఉండొద్దు, కిడ్నీల దెబ్బను ఇంకా ముందే పట్టే ఎస్‌డీఎంఏ అనే రక్తపరీక్ష చేసే చోటు ఉంటే అదీ చేయించండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల దవాఖానకు పోవాల్సి వస్తే తెల్లవారుజామునే బయల్దేరండి. ఇన్సులిన్‌ను ఐస్ తగలకుండా గుడ్డ చుట్టి తీసుకుపోండి.

ఇంట్లో ఎవరైనా వేసుకునే షుగర్ గోలీ, జ్వరం గోలీ ఏదీ దానికి వేయకండి. పారాసిటమాల్ ఒక్క గోలీతో పిల్లి చనిపోవచ్చు. కుక్కల గోమార్లకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లులకు విషం.

కూలర్ ఉన్న గదిలో ఉంచండి, గాలి ఆడాలి. పిల్లి నోరు తెరిచి రొప్పితే అది వడదెబ్బే అనుకోండి: తడిగుడ్డతో పొట్ట, పాదాలు తుడిచి, ఫ్యాన్ గాలికి పెట్టి బయల్దేరండి, ఐస్ నీళ్ళు పోయకండి. కక్కుతూ నోటి నుంచి తియ్యటి వాసన వచ్చినా, ఒక్కసారిగా కళ్ళు కనిపించక గోడలకు గుద్దుకున్నా ఆరోజే చూపించాలి.

ఎండకాలమంటే పెళ్ళిళ్ళ కాలం కూడా. మీరు రెండ్రోజులు ఊరికి పోతే, సూది వేయడం నేర్చుకున్న మనిషి ఇంట్లో ఉండాలి. ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అంటించండి: డోసు ఎంత, సిరంజి మూత ఏ రంగు, ఎంత తింటే సూది వేయాలి, తేనె సీసా ఎక్కడ, డాక్టర్ నంబరు ఏది. కింద పిల్లి బరువు రాసే చోటు వదలండి, వారానికోసారి తూచి రాయండి.