అమెరికా సైన్యంలో ఉన్నవారికి వీఏ హోమ్ లోన్: సీఓఈకి దరఖాస్తు చేసే విధానం

యూనిఫాంలో ఉన్నవాళ్లు ఇల్లు కొనాలా, అద్దెకు ఉండాలా అన్నది వడ్డీ రేటు చూసి తేల్చే విషయం కాదు. ఆ ఊళ్లో ఇంకా ఎన్నేళ్లు ఉంటారన్నదే అసలు లెక్క. రెండు మూడేళ్లలో పీసీఎస్, అంటే సైన్యం వేరే ఊరికి చేసే శాశ్వత బదిలీ, ఖాయమైతే అద్దే మేలు. అద్దెదారుకు ఎస్‌సీఆర్‌ఏ, అంటే సైనికులకు పౌర వ్యవహారాల్లో రక్షణ ఇచ్చే చట్టం, అండగా ఉంది: పీసీఎస్ వచ్చినా, 90 రోజులు లేదా అంతకు మించిన డిప్లాయ్‌మెంట్ (విధుల మీద వేరే చోటికి పంపడం) వచ్చినా ఆర్డర్ల కాపీ జతచేసి రాతపూర్వకంగా నోటీసు ఇస్తే లీజు రద్దు చేసుకోవచ్చు. జూన్ 10న నోటీసు ఇచ్చారనుకోండి, జూలై 1 అద్దె కట్టేసి జూలై 31తో బయటపడతారు. సొంతిల్లు అలా వదిలిరాదు.

వీఏ (అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) హామీతో బ్యాంకులు ఇచ్చే లోన్‌తో కొనే ఆలోచన ఉంటే ముందు చేతిలో ఉండాల్సిన కాగితం సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ (సీఓఈ), అంటే ఆ లోన్‌కు మీరు అర్హులని చెప్పే పత్రం. దీనికి రుసుము లేదు. తీసుకున్నంత మాత్రాన కొనితీరాలనీ లేదు. ఇప్పుడు డ్యూటీలో ఉన్నవాళ్లకు వరుసగా 90 రోజుల యాక్టివ్ సర్వీసు ఉంటే చాలు. గ్రీన్‌కార్డు మీద చేరినా అర్హతకు చూసేది సర్వీసునే.

మొదట యూనిట్ నుంచి స్టేట్‌మెంట్ ఆఫ్ సర్వీస్ తెచ్చుకోండి. కమాండర్, అడ్జుటెంట్ లేదా పర్సనెల్ ఆఫీసర్ (సిబ్బంది వ్యవహారాల అధికారి) సంతకం ఉండాలి. అందులో పూర్తి పేరు, సోషల్ సెక్యూరిటీ నంబరు, పుట్టిన తేదీ, డ్యూటీలో చేరిన తేదీ, సర్వీసులో లెక్కకు రాని రోజులు ఉంటే అవి, పత్రం ఇచ్చిన కమాండ్ పేరు కనబడాలి. మన పేర్లతో ఇక్కడ జాగ్రత్త: ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో చివర వస్తే ఫైలు ఆగే ప్రమాదం ఉంది. సర్వీసు రికార్డులో ఎలా ఉందో పొల్లు పోకుండా అలాగే రాయించండి. సైన్యం నుంచి బయటికి వచ్చినవాళ్లు దీని బదులు డీడీ 214 (సర్వీసు ముగిసినప్పుడు ఇచ్చే పత్రం) పెట్టాలి.

తర్వాత వీఏ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి దరఖాస్తు నింపి ఆ పత్రం అప్‌లోడ్ చేయాలి. లోన్ ఇచ్చే సంస్థనే తీసిపెట్టమని అడిగితే చాలాసార్లు పని ఇంకా త్వరగా అవుతుంది. సీఓఈ దరఖాస్తు ఫారం 26-1880 నింపి పోస్టులో పంపడం అన్నిటికంటే ఆలస్యం.

సీఓఈ వచ్చిందంటే లోన్ మంజూరైనట్టు కాదు. క్రెడిట్, ఆదాయం బ్యాంకు చూస్తుంది. బీఏహెచ్‌ను (సైన్యం ఇచ్చే ఇంటి భత్యం) ఆదాయంగానే లెక్కిస్తారు. ఏడాదిలోపు సర్వీసు ముగుస్తుంటే రీఎన్‌లిస్ట్‌మెంట్ (సర్వీసు పొడిగింపు) కాగితమో, బయట ఉద్యోగం ఆఫరో అడుగుతారు.

ఫండింగ్ ఫీజు, అంటే ఈ లోన్ మీద వీఏకి ఒకసారి కట్టే రుసుము, చాలామంది చివర్లో చూసి కంగుతింటారు. 4 లక్షల డాలర్ల ఇల్లు డౌన్‌పేమెంట్ లేకుండా తొలిసారి కొంటే 2.15 శాతం, అంటే 8,600 డాలర్లు. 5 శాతం చేతి నుంచి కడితే మిగిలిన 3.8 లక్షల మీద 1.5 శాతమే, 5,700. రెండోసారి డౌన్‌పేమెంట్ లేకుండా వాడితే 3.3 శాతం. వీఏ డిజెబిలిటీ పరిహారం అందుకునేవారికి ఈ ఫీజు లేదు.

మామూలుగా క్లోజింగ్ (కొనుగోలు పూర్తయి ఇల్లు మీ పేరు మీదకు రావడం) అయిన 60 రోజుల్లో ఆ ఇంట్లో దిగాలి. మీరు డిప్లాయ్‌మెంట్‌లో ఉంటే భార్య లేదా భర్త ఉన్నా సరిపోతుంది. బదిలీ అయ్యాక ఇల్లు అద్దెకిచ్చుకోవచ్చు గానీ, ఆ లోన్ తీరేదాకా అందులో వాడిన ఎంటైటిల్‌మెంట్ (మీ తరఫున వీఏ ఇచ్చే హామీ మొత్తం) అక్కడే చిక్కుకుని ఉంటుంది. కొత్త ఊళ్లో మళ్లీ వీఏ లోన్‌తో కొనాలంటే మిగిలినదానితోనే సర్దుకోవాలి, తేడాకు డౌన్‌పేమెంట్ పడవచ్చు.