కళ్ల మంటకు క్యాప్సూల్స్ కొనే ముందు రెప్పలు చూసుకోండి

సమస్య: సాయంత్రమయ్యేసరికి కళ్లు మండుతాయి, ఇసుక పడ్డట్టు గరగరలాడతాయి. అక్షరాలు మసకబారి, రెప్ప వేయగానే మళ్లీ తేటపడతాయి.

ఈ మాట నాతో చెప్పేవాళ్లలో చాలామంది అప్పటికే ఏవో క్యాప్సూల్స్ మింగుతుంటారు. కళ్లజోడు పవర్ ఎప్పుడు చూపించుకున్నారని అడిగితే మాత్రం తల గోక్కుంటారు. ముందు ఆ పని చేయండి, నలభై దాటినవాళ్లయితే మరీనూ. స్క్రీన్ చేయి చాపినంత దూరంలో, కంటి ఎత్తుకు కాస్త కిందుగా ఉండాలి. ఏసీ గాలి సూటిగా ముఖానికి కొట్టకూడదు.

అయినా తగ్గలేదా? అయితే దొంగ వేరే ఉన్నాడు: సగం రెప్ప.

నన్ను ఏడాదిపాటు తిప్పలు పెట్టింది ఇదే. నాకు మంటతోపాటు నీళ్లు కూడా కారేవి. నీళ్లు కారే కన్ను పొడిబారిందని ఎవరనుకుంటారు? కంటి పైపొర ఎండితే ఆ మంటకే నీళ్లు ఉబుకుతాయి, నిలవకుండా జారిపోతాయి. మామూలుగా నిమిషానికి 15 సార్లకు అటూ ఇటుగా రెప్ప వేస్తాం. స్క్రీన్ ముందు అది 5, 7కి పడిపోతుంది. ఇది అందరికీ తెలిసిందే. వేసే ఆ కాసిని కూడా పూర్తిగా వేయడం లేదన్నదే ఎవరూ పట్టించుకోరు. పైరెప్ప సగం దిగి వెనక్కి పోతుంది, నల్లగుడ్డు కిందిభాగం తడవదు. కన్నీటిని ఆవిరి కాకుండా ఆపే నూనె కూడా రెప్ప అంచు గ్రంథుల నుంచి సరిగా రాదు.

నమ్మకం కలగకపోతే ఫోన్‌ను స్క్రీన్ పక్కన నిలబెట్టి, వీడియో ఆన్ చేసి పనిలో పడండి. పది నిమిషాలయ్యాక చివరి రెండు నిమిషాలూ నెమ్మదిగా నడిపి చూడండి. నా వీడియోలో రెండు రెప్పలూ తాకింది మూడంటే మూడుసార్లు.

పరిష్కారం: 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని దాన్ని 20 సెకన్లు చూడమంటారు కదా, అప్పుడే పదిసార్లు కళ్లు మెత్తగా మూసి, రెండు సెకన్లు ఆగి తెరవండి. బిగించి మూయొద్దు. రాత్రి గోరువెచ్చని గుడ్డ రెప్పల మీద 5-10 నిమిషాలు ఉంచితే గడ్డకట్టిన నూనె కరుగుతుంది. కళ్లను తడిపే చుక్కల మందు రోజుకు నాలుగుసార్లు మించితే ప్రిజర్వేటివ్ లేనిది తీసుకోండి. ఎరుపు తగ్గించే చుక్కల జోలికి పోకండి, ఆపగానే ఎరుపు మళ్లీ ఎక్కువగా వస్తుంది.

ఇక తిండి. విటమిన్ ఎ లోపిస్తే కళ్లు నిజంగానే పొడిబారతాయి, రేచీకటి వస్తుంది. లోపం లేనివాళ్లకు ఎన్ని క్యారెట్లు తిన్నా ఈ మంట తగ్గదు. ఆకుకూరలు, గుడ్డు సొనలోని ల్యూటిన్ అనే పదార్థం కంటి వెనకపొర రెటీనాకు మంచిదే, కానీ ఇది రెటీనా జబ్బు కాదు. చేపనూనె క్యాప్సూల్స్ నేనూ వాడాను. పొడికళ్లవాళ్ల మీద చేసి 2018లో వెలువరించిన డ్రీమ్ అనే పరీక్షలో, ఏడాదిపాటు రోజుకు 3 గ్రాముల ఒమేగా-3 (చేపనూనెలోని కొవ్వు) తీసుకున్నవాళ్లకు ఆలివ్ నూనె తీసుకున్నవాళ్లకంటే ఎక్కువ మేలేమీ జరగలేదు. చేప ఇష్టమైతే తినండి, అంతే.

థైరాయిడ్, కీళ్లవాతం లాంటి కారణాలూ ఉండొచ్చు, వాటిని డాక్టర్‌కు వదిలేయండి. చూపు హఠాత్తుగా తగ్గినా, మెరుపులు కనిపించినా, ఒక్క కంట్లోనే నొప్పి వచ్చినా అదే రోజు చూపించుకోండి.