ఇథియోపియాకు ఉద్యోగానికి వెళ్తున్నారా? మొదటి నెల ఏదీ తేల్చేయకండి

బహిర్ దార్‌లో కెమిస్ట్రీ పాఠాలు చెప్పి వచ్చానని తెలిసి, కొత్తగా ఇథియోపియాలో లెక్చరర్ ఉద్యోగం వచ్చినవాళ్ళు తిరుపతిలో మా ఇంటికి వస్తుంటారు. కందిపప్పు దొరుకుతుందా మేడమ్, స్వెట్టర్ కావాలా అని అడుగుతారు. అవి వెళ్ళిన వారంలో ఎలాగూ తెలుస్తాయి. నేను కూర్చోబెట్టి చెప్పేది వేరే. మనకంటే పేద దేశానికి వెళ్తే, అక్కడ మనకు అర్థం కాని ప్రతిదానికీ పేదరికమే కారణమని కట్టేస్తాం. ఆ అలవాటు మానాలంటే కాస్త సాధన కావాలి.

బయల్దేరే ముందే తలలో ఉన్న బొమ్మను సరిచూసుకోండి. మా వయసువాళ్ళకు ఇథియోపియా అంటే 1984-85 కరువు ఫొటోలే. 1896లో అద్వా దగ్గర ఇటలీ సైన్యాన్ని ఓడించిన దేశం కూడా అదే. వాళ్ళకు సొంత లిపి ఉంది, 13 నెలల సొంత క్యాలెండర్ ఉంది. బహిర్ దార్ ఉన్న అమ్హారా ప్రాంతంలో 2023 ఆగస్టు నుంచి పోరు నడిచింది కాబట్టి, మీరు వెళ్ళే ఊరి గురించి అడిస్ అబాబాలోని మన రాయబార కార్యాలయం ఏం చెబుతోందో కూడా చూసుకోండి.

వెళ్ళాక ఒక నోటుబుక్కు కొని, పేజీని నిలువుగా మూడు భాగాలు చేయండి. మొదటి భాగంలో కంటితో చూసింది మాత్రమే రాయాలి. రెండోదాంట్లో మీకేమనిపించిందో రాయండి. మూడోది ఖాళీగా ఉంచండి. ‘ఏడింటికి రమ్మంటే ప్లంబరు మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చాడు’ అన్నది మొదటి భాగం. ‘వీళ్ళకు పని మీద ధ్యాసే లేదు’ అన్నది రెండోది. తర్వాత ఎవరో ఒకరు చెబుతారు: అక్కడ పగటి లెక్క పొద్దు పొడవగానే మొదలవుతుంది. మన ఉదయం ఏడు వాళ్ళకు ఒంటిగంట. వాళ్ళ ఏడంటే మన మధ్యాహ్నం ఒంటిగంటే. ఆ ప్లంబరు నిమిషం కూడా ఆలస్యం చేయలేదు! ఇది మూడో భాగంలో రాసుకోండి. ఇకమీదట ఎవరు టైమ్ చెప్పినా ఏ లెక్కలో చెబుతున్నారో అడగండి. అలాగే ఆఫీసులో మీరేదో చెబుతుంటే ఎదుటివాళ్ళు ఉలిక్కిపడ్డట్టు గబుక్కున ఊపిరి లోపలికి పీల్చుకుంటారు. కంగారు పడొద్దు, అది ‘అవును’ అనడం.

తిరుపతి వాళ్ళకు ఇది ఇంత వివరించాల్సిన అవసరం లేదు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవాళ్ళు చీరలు కట్టుకుని తిరగడం, వేషం వేసినవాళ్ళు నోటికొచ్చిన బూతులు తిట్టడం పొరుగూరి మనిషి ఒక్క పూట చూసి పోతే ఈ ఊరి గురించి ఏమనుకుంటాడు? ఆడవాళ్ళను చెరిచిన పాలెగాడు దాక్కుంటే, అమ్మ రోజుకో వేషంలో వెతికి వాణ్ణి చంపిందన్న కథ తెలిస్తే కదా ఆ తిట్లు ఎవరికో అర్థమయ్యేది. ఆ కథ చెప్పడానికి మనలాంటివాళ్ళం పక్కన ఉండాలి. అక్కడ మీకూ అలాంటి మనిషి ఒకరు కావాలి.

ఆ మనిషి మన తెలుగువాళ్ళలో దొరకరు. అందరూ ఒకే కాంపౌండులో చేరి, రాత్రి భోజనాల దగ్గర ఆ రోజు ఫిర్యాదులు కలబోసుకుంటుంటే మొదటి వారం అభిప్రాయాలు ఏళ్ళ తరబడి అలాగే గట్టిపడిపోతాయి. ఇంటి యజమానురాలినో, ల్యాబ్ అసిస్టెంటునో అడగండి. ‘మీరెందుకిలా చేస్తారు’ అని అడిగితే తప్పు పట్టినట్టు ఉంటుంది. ‘ఇదెలా చేస్తారో నాకు చూపిస్తారా’ అనండి.

కాఫీకి పిలిస్తే మాత్రం ఏ పనున్నా మానుకుని వెళ్ళండి. నేల మీద పచ్చగడ్డి పరుస్తారు. ఇంటావిడ పచ్చి కాఫీ గింజల్ని కడిగి, బొగ్గుల మీద పెనంలో నల్లబడేదాకా వేయిస్తుంది. పొగలు కక్కే ఆ పెనాన్ని మీ ముందుకు తెస్తుంది. చేత్తో ఆ పొగను ముఖం వైపు తోసుకుని వాసన చూడాలి. తర్వాత గింజల్ని రోట్లో దంచి, జెబెనా అనే మట్టి కూజాలో కాచి, పిడి లేని చిన్న కప్పుల్లో ఎత్తు నుంచి సన్నటి ధారగా పోస్తుంది. పక్కన పాప్‌కార్న్ పెడతారు. మొదటి విడత అబోల్, రెండోది తోనా, మూడోది బరకా. బరకా అంటే దీవెన, అది తాగకుండా లేవకూడదు. పని వదిలేసి ఇంతసేపు కూర్చుంటారేమిటని కొత్తవాళ్ళు విసుక్కుంటారు. ఆ కూర్చున్న చోటే ఎవరింట్లో జబ్బు, ఎవరికి డబ్బు కావాలి అన్నవి తేలతాయి. ఎఖుబ్ పేరుతో చీటీలు వేసుకుంటారు. చావు ఖర్చులకు ఇద్దిర్ అనే సంఘానికి నెలనెలా డబ్బు కడతారు, టెంటు, గిన్నెలతో సహా అదే చూసుకుంటుంది. ఇంత ఏర్పాటు చేసుకున్నవాళ్ళను పొదుపు తెలియని జనం అని రాసేస్తే ఎంత అన్యాయం!

శాకాహారులు భయపడాల్సింది లేదు. ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో మాంసం, పాలు ముట్టరు. ఆ రోజుల్లో ‘యెత్సోమ్ బెయ్యాయ్‌నెతు’ అడిగితే ఇంజెరా అనే పులిసిన పిండి అట్టు మీద పప్పులు, కూరలు వడ్డిస్తారు.

ధరల్ని రూపాయల్లోకి మార్చి ‘అబ్బ, ఎంత చవకో’ అని బజారులో పైకి అనకండి. ఆ మాట వింటున్న మనిషి జీతం ఎంతో ముందు తెలుసుకోండి.

ఇలా సరిచూసుకుంటూ పోతే కొన్ని మొదటి అభిప్రాయాలు నిజమేనని కూడా తేలుతుంది. కరెంటు పోతుంది, నీళ్ళు ఆగిపోతాయి, కావాల్సిన మందు అన్నిసార్లూ దొరకదు. దీన్ని సంస్కృతి అని సర్దిచెప్పుకోవద్దు, అక్కడివాళ్ళు కూడా దాన్ని కష్టమనే అంటారు. రోజూ వేసుకునే మందులు డాక్టరు చీటీతో సహా వెంట తీసుకెళ్ళండి. ఇంట్లోకి దిగిన రోజే మూత ఉన్న పెద్ద డ్రమ్ము కొని నీళ్ళు పట్టి పెట్టుకోండి, తాగేవి కాచి చల్లార్చుకోండి. పక్కింటివాళ్ళకు నీళ్ళు రాని రోజు వాళ్ళకూ ఒక బిందె ఇవ్వండి.