సారు పేరుతో వచ్చే సందేశం: విశ్వవిద్యాలయంలో ఆన్‌లైన్ జాగ్రత్తలు

బయట తిరిగే మోసపు సందేశాలు ఎక్కువగా లాటరీ అనో, బహుమతి అనో ఆశ చూపిస్తాయి. విశ్వవిద్యాలయంలో చదివేవారికి, పనిచేసేవారికి వచ్చేవి మాత్రం మర్యాదను, భయాన్ని వాడుకుంటాయి. ఉపకులపతి ఫొటో పెట్టుకున్న ఒక కొత్త నంబరు నుంచి, "మీటింగులో ఉన్నాను, ఫోన్ ఎత్తలేను, అర్జెంటుగా కొన్ని గిఫ్ట్ కార్డులు కొని వాటి కోడ్‌లు పంపండి, సాయంత్రం డబ్బు ఇచ్చేస్తాను" అని ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వాట్సాప్‌లో సందేశం వస్తుంది. పెద్దవారిని తిరిగి ప్రశ్నించకూడదన్న అలవాటు మన విద్యాసంస్థల్లో ఎంత లోతుగా పాతుకుపోయిందో ఆ మోసగాడికి బాగా తెలుసు. ఫోన్ ఎత్తలేనని ముందే చెప్పడం కూడా ఎత్తుగడే. మీరు మాట్లాడి నిర్ధారించుకునే దారిని ఆ ఒక్క మాటతో మూసేస్తున్నాడు.

కాబట్టి సందేశం ఏ దారిన వచ్చిందో ఆ దారిలోనే జవాబిచ్చి నిజానిజాలు తేల్చుకోవాలని చూడకండి. ఉపకులపతి పేషీకి ఫోన్ చేయండి, లేదా శాఖాధిపతి నంబరు మీ దగ్గర మొదటినుంచీ ఏది ఉందో దానికే చేయండి. అలా అడిగినందుకు నొచ్చుకునే అధికారి ఎవరైనా ఉంటే ఉండనివ్వండి. డబ్బు, పాస్‌వర్డ్, ఓటీపీ, విద్యార్థుల జాబితా వంటివి అడిగిన ప్రతి సందర్భంలోనూ ఈ పద్ధతి పాటించడం మంచిది.

ఈమెయిల్ విషయంలో పంపినవారి పేరును కాకుండా చిరునామాను చూడాలి, ఎందుకంటే పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. లింకులో వెబ్‌సైటు పేరును, 'https://' తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత (/)కు ముందున్న భాగం వరకు తీసుకుని, కుడినుంచి ఎడమకు చదవాలి. మీ విశ్వవిద్యాలయం పేరు, ఆ తర్వాత 'ఏసీ డాట్ ఇన్' అని ఉండి, ఆ వెనుక ఇంకేదో పేరు, 'డాట్ కామ్' అని ముగిస్తే ఆ సైటు చివరనున్న ఆ పేరు గలవారిది, ముందున్నదంతా అలంకారమే. మన దేశంలో 'ఏసీ డాట్ ఇన్' చిరునామాలను ఎర్నెట్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ విద్యాసంస్థలకు మాత్రమే కేటాయిస్తుంది కనుక దానితో ముగిసే చిరునామాకు కొంత విలువ ఉంది. అయితే సహోద్యోగి ఖాతా ఒకటి మోసగాళ్ల చేతికి చిక్కితే అసలైన చిరునామా నుంచే దొంగ మెయిల్ వస్తుంది. "మీ మెయిల్‌బాక్స్ నిండిపోయింది, 24 గంటల్లో లాగిన్ కాకపోతే ఖాతా రద్దవుతుంది" అన్న ధోరణిలో ఏది వచ్చినా లింకు నొక్కకుండా, మీరు రోజూ వెళ్లే దారిలోనే ఖాతా తెరిచి చూసుకోండి.

ఆ ఖాతాకు మరెక్కడా వాడని పొడవైన పాస్‌వర్డ్ పెట్టుకుని, పాస్‌వర్డ్ తర్వాత ఒక కోడ్ కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణను తప్పక ఆన్ చేసుకోవాలి. దానితోనే నిశ్చింతగా ఉండడానికి లేదు. దొంగ పేజీలో మీరు టైపు చేసిన కోడ్‌ను అవతలివాడు అదే క్షణంలో అసలు పేజీలో వాడుకోగలడు. పాస్‌వర్డ్‌కు బదులు మీ ఫోను వేలిముద్రతోనో, స్క్రీన్ లాక్‌తోనో లాగిన్ అయ్యే పాస్‌కీ సౌకర్యాన్ని మీ సంస్థ ఇస్తే అదే మేలు, ఎందుకంటే అది అసలు సైటులో తప్ప మరోచోట పనిచేయదు. ఇక విద్యార్థులు తరచుగా మరచిపోయేది పాత సిమ్ సంగతి. రీచార్జి ఆపేసి రద్దయిన నంబరును టెలికాం సంస్థలు 90 రోజుల తర్వాత మరొకరికి ఇవ్వవచ్చు; మీ మెయిల్, బ్యాంకు ఖాతా ఇంకా దానికే ముడిపడి ఉంటే ఓటీపీలు ఆ కొత్త వ్యక్తికి వెళ్తాయి. నంబరు మార్చే ముందే అన్నిచోట్లా మార్పించుకోవాలి.

క్యాంపస్ గేటు ఎదుట ఉండే జిరాక్స్ సెంటర్ గురించి ఎవరూ పెద్దగా హెచ్చరించరు గానీ, నా దృష్టిలో అసలు చిల్లు అక్కడే ఉంది. ఆధార్, పదో తరగతి మెమో, కుల ధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ, అన్నీ షాపువారి వాట్సాప్‌కు పంపేస్తాం. అవి ఆ కంప్యూటరులో నెలల తరబడి పడి ఉంటాయి. షాపతను ఎంత మంచివాడైనా ఆ కంప్యూటరుకు ఎందరో కూర్చుంటారు. ప్రింటు అయ్యాక ఎదురుగా నిలబడి తీసివేయించండి. ఆధార్ సంఖ్యలో చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ప్రతిని, ఆధార్ జారీ చేసే యూఐడీఏఐ సంస్థ సైటు నుంచి దించుకుని, అది చాలిన చోట దాన్నే ఇవ్వండి. ల్యాబులో గానీ, షాపులో గానీ వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే, ఫోనులో లింక్డ్ డివైజెస్‌లోకి వెళ్లి ఆ కంప్యూటరును తొలగించండి.

స్కాలర్‌షిప్ వచ్చిందంటూ పిన్ నొక్కమన్నా, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నా అది మోసం. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. ఫలితాలనో, ఫీజు చలానా అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును (ఫోనులో యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైలు) ఇన్‌స్టాల్ చేయకండి. అది మీ ఎస్ఎంఎస్‌లు చదివి ఓటీపీలు లాగేస్తుంది. "నీ బ్యాంకు ఖాతా కొన్నాళ్లు వాడుకోనివ్వు, కమీషన్ ఇస్తాం" అని సీనియర్ అడిగినా సరే ఒప్పుకోకూడదు. దోచిన సొమ్ము ఆ ఖాతాలగుండానే పారుతుంది, పోలీసులు మొదట వెతికేది ఖాతాదారుడినే.

పొరపాటు జరిగిపోతే సిగ్గుపడి దాచుకోవడం వల్లే నష్టం పెరుగుతుంది. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. సొమ్ము ఖాతాలు మారేలోగా చెబితేనే దాన్ని నిలిపివేసే వీలుంటుంది. సందేశాలు తుడిచేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. పాస్‌వర్డ్ మాత్రమే ఇచ్చేసి ఉంటే మరో పరికరం నుంచి దాన్ని మార్చి, అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేసి, సంస్థలోని కంప్యూటర్ విభాగానికి తెలియజేయాలి. ఆ తర్వాత మెయిల్ సెట్టింగుల్లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు, రికవరీ నంబరు చూడండి. మీ మెయిళ్లన్నీ తనకు చేరేలా మోసగాడు అక్కడ ఒక నియమం పెట్టి ఉంటే, పాస్‌వర్డ్ మార్చినా అది అలాగే పనిచేస్తూ ఉంటుంది.