“ఏమో” అనే పిల్లలతో కబుర్లు చెప్పించాలంటే

భవానీ ద్వీపం తిప్పి తీసుకొచ్చాక “బాగుందా?” అంటే మూడు నాలుగేళ్ల పిల్లలు “ఊఁ” అని ఊరుకుంటారు. ఆ రాత్రి అన్నం పెట్టేటప్పుడు ఒక్క సంగతే తీసుకోండి, ఐదు నిమిషాలు చాలు. “పడవ ఊగినప్పుడు తాతయ్య ఏం చేశారు?” అని అడిగి, కాసేపు ఆగండి. “పట్టుకున్నారు” అంటే, “అవును, నీ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు” అని ఒక వివరం కలపండి. తర్వాత, “అప్పుడు తాతయ్య ఏమనుకున్నారంటావ్?” ఈ ప్రశ్నకు చాలా విలువ ఉంది. ఎదుటివాళ్ల మనసులో వేరే ఆలోచన ఉంటుందని పిల్లలు తెలుసుకోవడానికి ఇలాంటి మాటలు తోడ్పడతాయి.

రెండుసార్లు అడిగినా పలకకపోతే మీరే చెప్పేయండి. పరీక్షలా సాగదీస్తే నోరు విప్పరు. జరగనిదాన్ని “ఏడ్చావు కదా” అని అందించకండి, అదే జరిగిందని గుర్తుండిపోవచ్చు.