విమానంలో సరుకు పంపే ముందు

☐ తూకం వేసి ఊరుకోకండి, టేపుతో పెట్టె కొలవండి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగించండి. వచ్చిన అంకె అసలు బరువును మించితే బిల్లు దాని మీదే. 60×50×40 పెట్టెలో 8 కిలోల దూదిబొమ్మలున్నా 20 కిలోలకు కట్టాల్సిందే. కొరియర్ సంస్థలు చాలావరకు 5000తో భాగిస్తాయి, అప్పుడది 24 కిలోలు. కొటేషన్ అడిగేటప్పుడే ఏ లెక్కో తేల్చుకోండి.

☐ ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఎయిర్‌వేబిల్లు (విమాన సరుకు రవాణా పత్రం)లలో పేర్లు, పెట్టెల సంఖ్య, బరువు ఒకేలా ఉండాలి. 'స్పేర్ పార్ట్స్' అని మాత్రమే రాస్తే కస్టమ్స్ వాళ్లు ఆపి ప్రశ్నలేస్తారు. ఏ యంత్రానికి ఏ భాగమో, హెచ్‌ఎస్ కోడ్ (సరుకు రకాన్ని కస్టమ్స్‌కు తెలిపే అంతర్జాతీయ సంఖ్య)తో సహా రాయండి.

☐ లిథియం బ్యాటరీలుంటే దాచొద్దు. విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానంలో ఎక్కించరు. మామూలుగా ఛార్జింగ్ కూడా 30 శాతం దాటకూడదు.

☐ చెక్క పెట్టెలపై ఐఎస్‌పీఎం 15 ముద్ర (చెక్కలో పురుగులు లేకుండా శుద్ధి చేశారని తెలిపే అంతర్జాతీయ గుర్తు) ఉందో లేదో చూడండి.

☐ బీమా దగ్గర పొదుపు వద్దు. విమాన రవాణాలో నష్టపరిహారాన్ని నిర్ణయించే అంతర్జాతీయ మాంట్రియల్ ఒప్పందం కింద ఎయిర్‌లైన్ బాధ్యత సాధారణంగా కిలోకు 26 ఎస్‌డీఆర్‌ల (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల్లో వాడే యూనిట్ల) వరకే. ఎలక్ట్రానిక్స్‌కు అది ఏ మూలకూ చాలదు. సరుకు దెబ్బతింటే, అందిన 14 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలని అవతలి కొనుగోలుదారుకు ముందే చెప్పి ఉంచండి.